కుర్చీ కింది పాదం

ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను మొదట చూసి, ఎవరు ముందు లోపలికి వెళ్లాలో తేల్చే నర్సును నేను. ప్రకాశం జిల్లా నుంచి బెంగళూరు వచ్చి పన్నెండేళ్లయింది. నొప్పితో వచ్చేవాళ్లు ఎలా నడుస్తారో, ఎలా కూర్చుంటారో గమనించడం నాకు మొదటి నుంచీ ఆసక్తి. అందులోనూ కిడ్నీలో రాళ్లున్నవాళ్లు. వాళ్లు కూర్చోలేరు, పడుకోలేరు, నడుము పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అదే అపెండిక్స్ అయితే కదిలితే ప్రాణం పోతుందన్నట్టు బిగుసుకుని పడుకుంటారు. అందుకే నేను ముందు కాళ్లు చూస్తాను, తర్వాతే నొప్పికి పదిలో ఎంత వేస్తారని అడుగుతాను. తలుపు దగ్గరే చూసి ఇది రాయే అని నేను చెప్పి, తర్వాత స్కాన్ కూడా అదే చెబితే ఇక ఆ రోజంతా నన్ను పట్టలేరు.

ఒక మధ్యాహ్నం ఇద్దరు ఒకేసారి వచ్చారు. కుందలహళ్ళి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మెడలో ఆఫీసు కార్డు ఊగుతుండగా పచార్లు చేస్తున్నాడు.

"పదికి పన్నెండు వేసుకోండి సిస్టర్, ప్లీజ్," అన్నాడు.

రెండో మనిషి హెబ్బగోడిలో గది అద్దెకు తీసుకుని, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆవిడ. ముప్పై ఐదేళ్లుంటాయి. కుర్చీలో నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నాలుగు వేసుకోక్కా. నడుములో నొప్పి ఉండాది, అంతే."

జ్వరం లేదు, బీపీ బాగానే ఉంది. లోపల ఒక్క మంచమే ఖాళీ. అతన్ని పంపాను. ఆవిడతో, "ఇక్కడే కూర్చో, పిలుస్తాను," అన్నాను.

అరగంట తర్వాత ఆవిడ ముందు నుంచి వెళ్తూ ఆగిపోయాను. మనిషి కదలడం లేదు. కుర్చీ కింద కుడిపాదం మాత్రం కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు నేలను నొక్కుతోంది, వదులుతోంది. వింతగా అనిపించి పక్కన గొంతుకూర్చుని చూశాను. కాసేపటికి పాదం ఆగింది, ఆవిడ ఊపిరి వదిలింది. మళ్లీ పాదం మొదలైంది, ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. పై పెదవి మీద చెమట.

"ఇంత నొప్పి పెట్టుకుని నాలుగంటావేంటమ్మా?"

"పనిలో గూడా వస్తాది కదక్కా. మిషన్ మీద కూచోగలిగితే నాలుగే."

నీళ్లు బాగా తాగుతావా అని అడిగాను.

"తాగితే బాత్రూంకి లెయ్యాల. లేస్తే సూపర్‌వైజరు అరుస్తాడు."

నాకు చాలా సిగ్గేసింది. పన్నెండేళ్లుగా కాళ్లు చూస్తున్నానని గొప్పలు పోయిన దాన్ని, కుర్చీ కిందికి ఒక్కసారి వంగి చూడలేదు. డాక్టరమ్మను పరుగున పిలుచుకొచ్చాను, ఆమె రాసిన ఇంజెక్షన్ కుర్చీలోనే ఇచ్చాను. తర్వాత స్కాన్‌లో రాయే కనిపించింది. ఆ రోజు ఎవరికీ చెప్పుకోలేదు.

స్కాన్‌కి పంపేముందు, ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి కూడా పాదం ఆగలేదు, మందు పనిచేయడానికి ఇంకాస్త టైం పట్టేలా ఉంది.

"కాస్త లేచి తిరగమ్మా, కొంచెం తేలిగ్గా ఉంటుంది," అన్నాను.

ఆవిడ కళ్లు తెరిచి నన్ను అనుమానంగా చూసింది.

"లెయ్యొచ్చా అక్కా? నువ్వు కూర్చోమన్నావని కూచోనుండా."