మా తాత నేర్చుకున్న రెండు ఇంగ్లీషు ముక్కలు

నా చిన్నప్పుడు, మా పెన్‌పహాడ్ దిక్కు పల్లెల్లో ఆరో తరగతికి వస్తే గానీ పిల్లలకు ఇంగ్లీషు మొహం కనపడేది కాదు. మా ఇంట్లో ఆ భాష తెలిసిన నరమానవుడు లేడు. నాయన మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. తాతకు గొర్ల భాష తప్ప ఇంకోటి రాదు. అందుకని సూర్యాపేటలో ఇంటర్ చదివే పక్కింటి అక్క దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ రోజుకో మాట చెప్పేది. చెప్పి ఊరుకునే రకం కాదు, ఆ మాటతో నా ప్రాణం తోడేసేది.

ఒక శనివారం ఆవిడ చెప్పిన మాట 'టై'. దూడను గుంజకు కట్టినా టై, జడకు రిబ్బను కట్టినా టై, కబడ్డీలో రెండు జట్లకూ సమానంగా పాయింట్లొచ్చినా టై, ఆఫీసర్లు మెడకు వేలాడేసుకునే గుడ్డ కూడా టైయేనట. కబడ్డీలో ఎవరిని ఎవరికి కడతారో నాకు అప్పుడు బొత్తిగా అర్థం కాలేదు. రేపు సాయంత్రంలోపు పది కట్టి, ఒక్కోదాన్నీ నోటుబుక్కులో ఇంగ్లీషులో రాసి తెమ్మంది.

మరునాడు, నాయన మిల్లు నుంచి తెచ్చిన సుతిలి ఉండ పట్టుకుని బయల్దేరాను. సుతిలంటే బస్తాల మూతులు కుట్టే జనుప దారం. మేకపిల్లను కట్టాను, చీపురును కట్టాను, తలుపు గొళ్ళెం కట్టాను, ఆఖరికి మా అమ్మ ఆరేసిన చీర కొంగును కూడా దండేనికి కట్టి తిట్లు తిన్నాను. మిట్టమధ్యాహ్నానికి తొమ్మిదయ్యాయి. పదోది ఎంత వెతికినా దొరకలేదు.

వాకిట్లో చెట్టు నీడన మంచం మీద మా తాత పడుకుని ఉన్నాడు. మిర్యాలగూడ దవాఖాన నుంచి ఆయన్ను ఇంటికి పంపేసి వారమైంది. ఎందుకు పంపారో పెద్దవాళ్ళు గుసగుసగా చెప్పుకునేవారు, మాకు చెప్పేవారు కాదు. దుప్పటి బయట ఆయన రెండు పాదాలూ, బొటనవేళ్ళు పక్కపక్కన ఉన్నాయి. నెల కిందట వాడకట్టులో ఒక ముసలావిడ చనిపోయినప్పుడు, పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి నేనొకటి చూశాను. ఆవిడ బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, పిల్లలమని తరిమేశారు. ఆ కట్టు మాత్రం నా కళ్ళలో ఉండిపోయింది.

సుతిలి బిగుస్తుందని నీళ్ళలో ముంచి తెచ్చి, తాత వేళ్ళు రెండూ కలిపి కట్టాను. అంత ఎండలోనూ ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. ముడి బిగించగానే ఆయన పొడుగ్గా ఒక ఊపిరి వదిలాడు. ఆ తర్వాతి ఊపిరి కోసం చూశాను, రాలేదు. దొడ్లో గొర్లు కూడా అరవడం మానేశాయి. నాకేదో తేడాగా అనిపించింది గానీ, బుద్ధిమంతురాలిని కదా, కూర్చుని 'ఐ టైడ్ మై తాత' అని రాసుకున్నాను.

అప్పుడే నీళ్ళబిందెతో వచ్చిన మా నాయనమ్మ ఆ కాళ్ళు చూసింది. బిందె వదిలేసి గుండెలు బాదుకుంది. "సచ్చినోళ్ళ కట్టు బతికున్న మనిషికి కడ్తివేందే, పాడుదానా!" వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. యముడికి కబురు పెట్టినట్టేనని ఒకావిడ అంది. ఇంకొకావిడ కొడవలి తెచ్చింది. నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "కొయ్యకు! కాట్లనే కోస్తరు గది" అంది. ఆ కట్టు శ్మశానంలోనే కోస్తారట. ఇక ఎవరూ ఆ దారం ముట్టలేదు. తాతను నేను చంపేశానని అప్పుడర్థమైంది నాకు. గోడకు ఆనుకుని కూలబడ్డాను.

తాత కళ్ళు తెరిచాడు. చుట్టూ నిలబడినవాళ్ళను చూశాడు, తర్వాత తన పాదాలు చూసుకున్నాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు. "ఎవలు కట్టిండ్రో ఆల్లే ఇప్పాలె. రా బిడ్డా."

తడిసిన సుతిలి ఉబ్బి బిగుసుకుపోయింది. కన్నీళ్ళకు ముడి కనపడదు. "తొందరేం లేదు తియ్. నేనేడికి పోత?" అంటూ ఆయన దారాన్ని ఎటు నెట్టాలో చెబుతూ పోయాడు. ముడి ఊడేసరికి నా గోళ్ళ సందుల్లో నెత్తురొచ్చింది. అంతటితో వదిలాడా? గొర్లకాపర్లు వేసే ముడి నేర్పాడు. కొసను మడిచి లోపలికి దోపితే, గుంజగానే ఊడొస్తుంది. "మందల తోడేలు వడ్తె ముడి దేవులాడుకుంట కూసుంటవా? కట్టేటప్పుడే ఇప్పే తొవ్వ వెట్టుకోవాలె" అన్నాడు. అని, ఆ ముడి తన వేళ్ళకే మళ్ళీ వెయ్యమన్నాడు.

ఆడవాళ్ళు అమ్మో అంటూ వెనక్కి జరిగారు. నేను వెయ్యనని ఏడ్చాను. ఆయన వినలేదు, వేయించుకున్నాడు. ఓ మూల బిక్కచచ్చి నిలబడ్డ పక్కింటి అక్కను పిలిచి, కట్టడాన్నీ విప్పడాన్నీ ఇంగ్లీషులో ఏమంటారో అడిగి తెలుసుకున్నాడు.

ఆ మరునాటి నుంచి రోజూ మధ్యాహ్నం, నలుగురూ ఉన్నప్పుడు తాత కాళ్ళు చాపి "టై" అనేవాడు. నేను కట్టేదాన్ని. కళ్ళు మూసుకుని కదలకుండా పడుకునేవాడు. ఆ కాసేపు నేను ఆయన ఊపిరులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. తర్వాత "అన్‌టై" అనేవాడు. ఒక్క గుంజుతో దారం నా చేతిలోకి వచ్చేది. మొదట్లో ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవారు. పది రోజులకు, కొడవలి తెచ్చినావిడే పని ఆపి "ఏం మామా, ఇయ్యాల ఇంగిలీసు లేదా?" అని నవ్వుతూ అడిగింది. చివరికి ఎవరూ పని ఆపి చూడటం కూడా మానేశారు.

నెల తిరగకుండానే తాత పోయాడు. అందరి కళ్ళూ నా మీదే ఉంటాయని తల ఎత్తలేకపోయాను. ఎత్తి చూస్తే ఎవరూ నన్ను చూడటం లేదు. నాయనమ్మ దారం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే కట్టు బిడ్డా. నీ చెయ్యి ఆయనకు అలవాటే." కట్టాను. కట్టి, అలవాటు కొద్దీ ఆయన నోటి వంక చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, అమ్మ వచ్చి నన్ను ఎత్తుకుపోయింది.

నా పెళ్ళయ్యాక ఒకసారి నాయనమ్మ అసలు సంగతి చెప్పింది. తాను నెలకు మించి బతకనని తాతకు ముందే తెలుసట. తను పోతే ఊరు ఆ చావును పదకొండేళ్ళ పిల్ల నెత్తిన పెడుతుందనీ, ఆ పిల్ల జన్మంతా మోస్తుందనీ ఆ మధ్యాహ్నం కళ్ళు తెరవగానే ఆయనకు తోచిందట. "ఆయనకు బయ్యం లేకుండెనా బిడ్డా? నీకంటె ఎక్కువుండె. ఆ పొద్దు బయ్యానికే దుప్పటి తడిసింది. రోజూ నిన్ను పిలిచే ముందు నీళ్ళు తాగేటోడు, చెంబు చేతుల నిలిచేది కాదు."

ఇప్పుడు నాకూ మనవలున్నారు. తప్పు చేసి నలుగురి మధ్య బిక్కమొహంతో నిలబడతారు ఒక్కోసారి. అప్పుడు ముందు వాళ్ళను దగ్గరికి పిలుస్తాను, తిట్లు ఏమైనా ఉంటే తర్వాత. నాకు ధైర్యమెక్కువని మావాళ్ళు అనుకుంటారు. వాళ్ళను పిలిచే ముందు నేను కూడా ఒక గుక్క మంచినీళ్ళు తాగుతానని వాళ్ళకు తెలియదు.