బాతు రింగు ఎవరి భుజాన ఉంది?

2023 డిసెంబరు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్ దగ్గర ఒక చిన్న టూర్ ఆఫీసులో నేను చేరి అప్పటికి మూడేళ్ళు. మా ఓనరు బెంగాలీ, అందరం దాదా అంటాం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రైల్వే ఉద్యోగాలకని బెంగాల్ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవాళ్ళు. రైలు టికెట్ల గురించి వాళ్ళకి మేం చెప్పగలిగింది ఏమీ ఉండదు, మాకే వాళ్ళు చెబుతారు. రైలు దిగాక ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఏ బండి ఎక్కాలి అన్నది మా పని.

పిల్లలున్న గ్రూపులన్నీ దాదా నాకే ఇచ్చేవాడు. కారణం నా భయం. వీధి చివరిదాకా వచ్చి, గ్యాస్ కట్టేశానో లేదో చూడడానికి వెనక్కి వెళ్ళే మనిషిని నేను. మా పాప మిన్నికి అప్పుడు రెండున్నరేళ్ళు. అది తుమ్మితే నాకు నిద్ర ఉండదు. "అనితా, ఈ భయం నీకు కష్టం, నా క్లయింట్లకి మంచిది," అనేవాడు దాదా.

మా పనిలో సైట్ ఇన్‌స్పెక్షన్ అని ఒకటి ఉంటుంది. గ్రూపును పంపే ముందు మా మనిషి వెళ్ళి ఆ హోటలు చూసి రావడం. చాలామంది పరుపులు, బాత్రూములు చూసి వచ్చేస్తారు. నేను నా సొంత ఫారం తయారు చేసుకున్నాను. బాల్కనీ కమ్మీల మధ్య పిల్లవాడి తల దూరుతుందా, తలుపు గడియ ఎంత ఎత్తులో ఉంది, స్విమ్మింగ్ పూల్ చుట్టూ కంచె ఉందా, దానికి గేటు ఉందా. టైడ్ టేబుల్ కూడా తీసి పెట్టుకునేదాన్ని. సముద్రం ఏ వేళకి పైకొస్తుందో, ఏ వేళకి వెనక్కి పోతుందో చూపే పట్టిక అది. మా ఊరివాళ్ళకి దాన్ని వివరించడం తేలిక. సముద్రానికి టైంటేబుల్ అంటే చాలు. పైగా అది లేటు నడవదు.

ఆ డిసెంబరులో ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి సరళ అనే ఆవిడ వచ్చింది. భర్త రమణ వర్క్‌షాపులో ఫిట్టరు. కూతురికి ఏడేళ్ళు, కొడుకు బంటికి నాలుగు. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"సముద్రం మూడు గంటల దూరంలో ఉంది. నాకు ముప్పై రెండేళ్ళొచ్చినాయి. మోకాలిదాకా కూడా దిగలేదు. మా నాన్న వచ్చే ఏడు అన్నాడు, ఈయనా వచ్చే ఏడు అంటన్నారు. నా పిల్లలకి నేను కూడా అదే సెప్పాలేటి?"

"ఈసారి వెళ్దాం అక్కా," అన్నాను.

"అందరం ఎల్తాం. మా మావగారు, నిమ్‌పురాలో ఉన్న మా ఆడపడుచు, ఆవిడ మొగుడు, ఇద్దరు పిల్లలు. ఇందరున్నాం, పిల్లల్ని సూసుకోడానికి బెంగ లేదు."

ఆ చివరి మాట నేను కూడా నమ్మాను. అయిదుగురు పెద్దవాళ్ళు, నలుగురు పిల్లలు. ఎనిమిది మంది దాటితే మా ఆఫీసు ఒక మనిషిని వెంట పంపుతుంది. మిన్నిని తీసుకెళ్ళడానికి దాదా ఒప్పుకున్నాడు కాబట్టి నేనే బయల్దేరాను.

మందారమణి వైపు తీరంలో ఒక రిసార్ట్. నేను ముందే వెళ్ళి చూసిందే. గదులన్నీ కింది అంతస్తులోనే తీసుకున్నాను. ముందు పూల్, దాని వెనక కొబ్బరి చెట్లు, ఆ తర్వాత ఇసుక. బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, గదుల ముందు, భోజనం దగ్గర పిల్లలను లెక్కపెట్టాను. దీన్ని మేం హెడ్ కౌంట్ అంటాం. ప్రతిసారీ నలుగురు, మిన్నితో అయిదుగురు. రమణ నవ్వాడు.

"అనితమ్మా, గూడ్సు బండి వేగన్లు కూడా ఇన్నిసార్లు లెక్కెట్టరు."

మధ్యాహ్నం మొదటిసారి ఇసుకలోకి వెళ్ళినప్పుడు బంటి అలను చూసి ఏడ్చాడు. వాళ్ళ తాత అప్పలస్వామి గారు ఎత్తుకుని వెనక్కి తెచ్చారు. ఆయన రైల్వేలో రిటైరై పదిహేనేళ్ళు దాటింది. తక్కువ మాట్లాడే మనిషి. "దానికి నువ్వంటే ఇష్టంరా, అందుకే పరిగెట్టుకొస్తంది," అన్నారు సముద్రాన్ని చూపించి. వాడు నమ్మలేదు.

సాయంత్రం నాలుగుకి పిల్లలు ఇసుకలో కోట కడుతున్నారు. సరళ కూతురికి తడిబట్టలు మార్చడానికి గదికి వెళుతూ, "అనితా, బంటిని సూడు," అంది. "వెళ్ళండి అక్కా," అన్నాను. కాసేపటికి ఆడపడుచు పార్వతి వచ్చి బంటి పక్కన కూర్చుంది. అప్పుడే మిన్ని కళ్ళలో ఇసుక పడి కేకలు పెట్టింది. పార్వతి ఉందిగదా అని నేను దాన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. పార్వతికి ఫోను వచ్చింది. అనిత ఉందిగదా అని ఆమె లేచి, మాట వినబడే చోటికి నడిచింది. పార్వతి భర్త, మేమంతా బావగారు అనే ఆయన, వాళ్ళ పిల్లలిద్దరితో బంతి ఆడుతున్నారు. రమణ కొబ్బరిబొండాలకు వెళ్ళాడు.

నేను తిరిగి వచ్చి లెక్కపెట్టాను. ముగ్గురే ఉన్నారు. సరళ కూతురు గదిలో ఉంది కాబట్టి ముగ్గురే సరి అనిపించింది. ఒక క్షణం అలాగే నిలబడ్డాను. ఆ ముగ్గురిలో ఒకరు నా చంకలో ఉన్న మిన్ని అని తర్వాత తట్టింది.

అందరం సముద్రం వైపు పరిగెత్తాం. రమణ బొండాలు పడేసి నీళ్ళలోకి దిగాడు. గదిలోంచి వచ్చిన సరళ, మేం పరిగెడుతున్న దిక్కు చూసి కేక కూడా వేయలేదు. ఆమె మొహం చూసి నేను తల తిప్పుకున్నాను. లైఫ్‌గార్డు ఈల ఊదుతున్నాడు. మిన్నిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే దాని చేతి మీద నా వేళ్ళ గుర్తులు పడ్డాయి.

సముద్రం వైపు రానిది అప్పలస్వామి గారు ఒక్కరే. ఆయన పూల్ వైపు నడిచారు. నీళ్ళలోకి దిగే మెట్లలో రెండోదాని మీద బంటి కూర్చుని ఉన్నాడు. నీళ్ళు వాడి గుండెలదాకా ఉన్నాయి. ఇసుకలో ఆడుకునే బకెట్ ముంచుతున్నాడు, అది బరువై వాడిని ముందుకు లాగుతోంది. మూడో మెట్టు తర్వాత వాడి ఎత్తుకు మించిన లోతు. పెద్దాయన పిలవలేదు. పిలిస్తే తిరగబోయి జారుతాడని, పంచెతో, చేతి గడియారంతో అలాగే దిగి వాడికి అవతల పక్క కూర్చుని, అప్పుడు అడిగారు.

"ఏటి సేస్తన్నావురా?"

"కోటకి నీళ్ళు పడతన్నాను తాతా."

సముద్రమంటే భయపడ్డ పిల్లవాడు నీళ్ళు కావాలంటే సముద్రం దగ్గరికి ఎందుకు వెళతాడు? అది ఆలోచించింది ఆయన ఒక్కరే. పూల్ గేటు పూర్తిగా తెరిచి ఉంది. తువ్వాళ్ళు మోసేవాళ్ళు అది మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టుకున్నారు. నా ఫారంలో 'గేటు ఉంది' అని టిక్కు పెట్టింది నేనే.

మాకు కనబడకుండా వాడు ఉన్నది నాలుగు నిమిషాలో, అయిదో.

వరండాలో టీ వచ్చింది గాని ఎవరూ తాగలేదు. బంటి సరళ ఒళ్ళో తువ్వాలు చుట్టుకుని బిస్కట్టు తింటున్నాడు.

"రేపు పొద్దున్నే ఎల్లిపోదాం," అంది సరళ. "సాలు. నాకు సముద్రం వద్దు, ఏటీ వద్దు."

"ఏమీ అవలేదు కదా వదినా," అంది పార్వతి.

"అవ్వాలేటి? ఆ ఫోను నీకు పిల్లడి కన్నా ఎక్కువైపోయినాది."

"నన్నంటావేటి? ఆ అమ్మాయి ఉందనే కదా లేచినాను. నువ్వు మాత్రం సీర కుచ్చిళ్ళు సద్దుకుని రాలేదా?"

రమణ లేచి, "ఇద్దరూ ఆపండి," అన్నాడు. ఎవరూ ఆపలేదు.

క్లయింటు ముందు తప్పు ఒప్పుకోకూడదని మా వృత్తిలో మొదటి రోజే చెబుతారు. నేను ఒప్పుకున్నాను. "సరళక్క బంటిని నాకు అప్పగించింది. నేను ఎవరికీ అప్పగించలేదు. పార్వతక్క వచ్చి కూర్చోగానే అప్పగించేశాను అనుకున్నాను. నోటితో చెప్పలేదు. బండి పొద్దున్నే కావాలంటే పిలిపిస్తాను. కానీ మీరు ఉంటే, ఇది మళ్ళీ జరగకుండా చూసే బాధ్యత నాది. ఎలాగో ఇంకా తెలీదు, ఆలోచిస్తాను."

అప్పలస్వామి గారు పొడి పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఆయన గడియారంలోకి నీళ్ళు పోయి ఆగిపోయింది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కన పెట్టారు.

"ఆ బాతుని ఇలా తే," అన్నారు.

పిల్లలు నీళ్ళలో వేసుకునే గాలి రింగు. పసుపు రంగు, ముందు బాతు తల. ఆయన దాన్ని ఎడమ భుజానికి తగిలించుకున్నారు. పిల్లలు నవ్వారు, ఆయన నవ్వలేదు.

"నేను పాయింట్స్‌మన్‌గా చేరినప్పుడు సింగిల్ లైన్ స్టేషన్లో ఏసినారు. లైను ఒక్కటే, అటు నించీ బండ్లొస్తాయి, ఇటు నించీ వస్తాయి. టోకెన్ ఉండేది, ఒకసారికి ఒక్కటే బయటికొచ్చేది. ఇనుప గోళం. తోలు సంచిలో ఏసి, ఇంత బెత్తం రింగుకి కట్టి, బండి కదుల్తంటే నేను ఎత్తి పట్టుకునేవాణ్ణి, డ్రైవరు సెయ్యి దూర్చి లాక్కునేవోడు. అది సేతిలో లేకపోతే ముందుకు పోకూడదు. స్టేషన్ మాస్టర్ సెప్పినా పోకూడదు. సిగ్నల్ పచ్చగా ఉన్నా పోకూడదు."

"నాన్నా, ఇది సింగిల్ లైన్ స్టేషను కాదు," అన్నాడు రమణ.

"పిల్లడి ఊపిరి డబల్ లైనేటిరా?"

రమణ కూర్చున్నాడు.

"ఇందాక ఇంతమందిమి ఉన్నాం. అందరి డ్యూటీ అనుకున్నాం. డ్యూటీ ఎవుడిదో ఒకడిదే అవ్వాలి. ఈ బాతు ఎవరి భుజాన ఉంటే పిల్లలు ఆళ్ళ సేతిలో ఉన్నట్టు. ఆళ్ళు కూర్చోకూడదు, తినకూడదు, ఫోను ముట్టకూడదు. అరగంట. తరవాత ఇంకొకరికి ఇయ్యాలి. ఇచ్చేవాళ్ళు ఎంతమందో సెప్పాలి. తీసుకునేవాళ్ళు ఏలెట్టి లెక్కెట్టుకోవాలి. లెక్క కుదిరి 'తీసుకున్నాను' అన్నదాకా రింగు మీద ఇద్దరి సెయ్యీ ఉండాలి."

"ఇది భుజానేసుకుని ఊళ్ళోవాళ్ళ ముందు తిరగాలేటి?" అన్నారు బావగారు.

"సిగ్గుండాలనే బాతు," అన్నారు పెద్దాయన. "సిన్నదైతే మర్సిపోతావు."

సరళ ఉంటాననీ అనలేదు, వెళతాననీ అనలేదు. టీ చల్లారిపోయిందని మళ్ళీ చెప్పమంది. నేను వెంటనే మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆ కుర్చీ తీయించి, గేటు నా చేత్తో ఆరుసార్లు తెరిచి వదిలి చూశాను. రెండుసార్లు గడియ పడలేదు. వాళ్ళ మనిషి వచ్చి స్ప్రింగు మార్చేదాకా అక్కడే నిలబడ్డాను. "దీదీ, కాల్ హోబే," రేపు చేద్దాం అన్నాడతను. నేను కదల్లేదు. ఆ రోజే అయింది.

మర్నాడు ఏడింటికి సముద్రం బాగా వెనక్కి పోయి ఉంటుందని పట్టికలో ఉంది. అలాగే ఉంది. ఇసుక చదునుగా, తడిగా, చీలమండల లోతు నీళ్ళతో. మొదటి అరగంట బాతు సరళ భుజాన ఉంది. రెండోది రమణ. ఆ తర్వాత పార్వతి వంతు. సరళకీ ఆమెకీ మధ్య ఇంకా మాటల్లేవు.

"నలుగురు. అనిత పాపతో అయిదుగురు," అన్నాడు రమణ.

పార్వతి వేలు పెట్టి లెక్కపెట్టింది. "అయిదుగురు. తీసుకున్నాను." తర్వాత తన ఫోను తీసి సరళ చేతిలో పెట్టింది. "నువ్వే ఉంచు వదినా." సరళ దాన్ని కొంగున ముడేసుకుంది. అంతే, వాళ్ళిద్దరికీ రాజీ అయింది.

బావగారు బాతుతో నిలబడితే పక్క రిసార్టువాళ్ళు ఫొటో తీసుకున్నారు. ఆయన తన అరగంటలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

తర్వాత రింగు సరళకి వచ్చింది. అరగంట అయ్యాక ఆమె చుట్టూ చూసింది. రమణ ఉన్నాడు, పార్వతి ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చింది. మిన్నిని పెద్దాయన ఎత్తుకుని ఉన్నారు, నా రెండు చేతులూ ఖాళీ. అయినా నేను వెంటనే చెయ్యి చాపలేకపోయాను.

"పట్టు," అంది సరళ. "మొత్తం అయిదుగురు. కనబడతన్నారా?"

ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించాను. బంటి దగ్గర ఆగాను. వాడు చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, వచ్చే అలను తంతున్నాడు.

"అయిదుగురు," అన్నాను. "తీసుకున్నాను."

అప్పుడు చెయ్యి తీసింది. ఫోను ముడి విప్పి మామగారికిచ్చి, చీర బొడ్డులో దోపుకుని, సముద్రం వైపు నడిచింది. మోకాళ్ళు దాటింది. ఒకసారి వెనక్కి చూసింది, నేను బాతు తల ఎత్తి చూపించాను. నడుము దాకా వెళ్ళింది. ఇంకోసారి చూసింది. ఆ తర్వాత చూడలేదు. నేనూ ఆమెను ఎక్కువసేపు చూడలేదు, నా చూపు ఉండాల్సింది పిల్లల మీద.

వాళ్ళు మూడు రోజులూ ఉన్నారు.

ఆ ట్రిప్పు తర్వాత నా ఫారం మారింది. 'గేటు ఉందా' అన్నచోట 'తెరిచి వదిలితే దానంతటదే మూసుకుందా, ఎన్నిసార్లు' అని ఉంది. పిల్లలున్న ప్రతి గ్రూపు సామానులో ఒక గాలి రింగు పెడతాను. అది పిల్లవాణ్ణి తేల్చడానికి కాదని, పెద్దవాళ్ళ భుజానికని బస్సులోనే చెబుతాను. నవ్వుతారు. నవ్వనిస్తాను. మూడేళ్ళు నేను పిల్లల తలలు లెక్కపెట్టాను. ఆ లెక్క జరిగిపోయినదాన్నే చెబుతుంది. ఇప్పుడు ముందు అడిగేది, ఈ క్షణాన చూస్తున్నది ఎవరు అని. నా భయం తగ్గలేదు. కానీ దాన్ని ఎక్కడ దించాలో, ఎవరి చేతికి ఇవ్వాలో తెలిసింది.

ఇవాళ మా ఆయన రైల్వే షెడ్డులో డ్యూటీ దిగి వచ్చి, భోజనం చేసి, మిన్ని పక్కన పడుకోవడానికి వెళ్ళారు. దానికి రెండు రోజులుగా దగ్గు. నేను గుమ్మంలో నిలబడి, మందు ఎప్పుడు వేశానో, మళ్ళీ ఎప్పుడు వెయ్యాలో చెప్పాను. ఆయన దాని నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "తీసుకున్నాను, ఎల్లు," అన్నారు.

అప్పుడొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. లోపల దగ్గు వినిపించింది. లేవలేదు.