హిందీలో వాసన

సిర్కా ఘాటు చేతులకు పట్టిందంటే సబ్బుకు ఒక పట్టాన లొంగదు. సిర్కా అంటే వెనిగరే. ఢిల్లీలో ఇన్నేళ్ళున్నాక ఆ మాటే ముందు నోటికొస్తుంది. ఇవాళ మధ్యాహ్నమంతా మా పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన హేమ అనే అమ్మాయి ఇంట్లో, ఆమె కొన్న పాత అలమరా సొరుగులు తుడిచాను. ఇంటికొచ్చి కాఫీ గ్లాసు పట్టుకోగానే ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. రూతమ్మ ఆంటీ గుర్తొచ్చారు. వెనకే సిగ్గూ వచ్చింది.

నేను మయూర్ విహార్‌కి కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ మా ఎదురింట్లో ఉండేవారు. బాపట్ల వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులం నెలకొకరింట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. మా వంతు వచ్చేసరికి ఇంట్లో ఉన్నవి చాపలే. పరువు కోసమని ఒక పాత సోఫా కొన్నాం. కొట్లో అగరొత్తుల పొగలో ఏమీ తెలియలేదు. ఇంటికి తెచ్చి, బయట వాన పడుతోందని తలుపులేశాక తెలిసింది. తడిసి ఆరిన పరుపు, బీడీ, ఇంకా ఏదో చెప్పుకోలేనిది. నా తెలివికి తోచినట్టు డబ్బా పౌడరంతా చల్లాను. రెండూ కలిసి మరీ అన్యాయంగా తయారైంది. ఆదివారం వచ్చినవాళ్ళు ముక్కులు మూసుకుంటారన్న తలపుకే చచ్చేంత సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆంటీ మా గిన్నె తిరిగి ఇవ్వడానికొచ్చారు. గుమ్మంలోనే మాట్లాడి పంపేద్దామనుకుంటే, తిన్నగా లోపలికొచ్చి ఆ సోఫాలోనే కూర్చున్నారు. నా మొహం చూశారు. సోఫా దిండు ఎత్తి, మామిడిపండు వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఎవరో పెద్దాయన దీంట్లోనే పడి ఉన్నాడమ్మా, చాన్నాళ్ళు. పాపం, లేవలేకపోయాడు."

"కంపు కొడుతోంది కదాంటీ."

"వాసనొస్తోంది. కంపు అనమాకు. మనిషిదేగా."

ఆవిడ నోట కంపు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఎన్నో వార్డులు చూసిన మనిషి, అయినా ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకోగా చూడలేదు.

మర్నాడు, లోపలి స్పాంజీ మార్చి ఇమ్మని అడగడానికి ఇద్దరం కొట్టుకి వెళ్ళాం. "నీ సోఫా, నువ్వే అడుగు," అన్నారు. సరే, నాకొచ్చిన హిందీలో, "భయ్యా, ఆప్‌కే సోఫే మే బహుత్ వాసనా హై," అన్నాను. కొట్టతను "క్యా హై?" అన్నాడు. వినపడలేదేమోనని, ముక్కు చూపించి మరీ గట్టిగా చెప్పాను. అతనూ, పనివాళ్ళూ, కుర్చీలు చూస్తున్న భార్యాభర్తలూ ఒక్కసారిగా నవ్వారు. ఎందుకో తెలియదు. చెవులు వేడెక్కిపోయాయి. అప్పుడు ఆంటీ ముందుకొచ్చి తాపీగా, "హా భయ్యా, బహుత్ వాసనా హై. మైనే భీ దేఖా," అన్నారు. నవ్వు రెట్టింపయింది. ఆవిడ కదల్లేదు. కొట్టతను కళ్ళు తుడుచుకుంటూ స్పాంజీ ఇచ్చాడు. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళు ఢిల్లీలో ఉన్న ఆవిడా అదే మాట అన్నారుగా, నా హిందీ బాగానే ఉంది, వీళ్ళకే పొగరు అనుకున్నాను.

ఇంటికొచ్చి సోఫాను బోర్లించి అడుగు గుడ్డ చింపితే, లోపలి గోనెపట్టా నల్లగా పుచ్చి ఉంది. "ఇదిగో, ఇక్కడుంది. పైపైన పౌడరు చల్లితే ఏం లాభం?" అంటూ ఆంటీ దాన్ని చేత్తోనే లాగి పారేశారు. చెక్కనంతా సిర్కా నీళ్ళతో తుడిపించారు, ఎండ కాసినప్పుడల్లా డాబా మీదికి మోయించారు. ఆదివారానికి ఒక మూల మాత్రం ఇంకాస్త మిగిలింది. ప్రార్థనకు అందరూ వచ్చేసరికి ఆంటీ సరిగ్గా ఆ మూలే కూర్చుని ఉన్నారు. పక్కావిడ ముక్కు ఎగబీల్చి, "ఏదో వాసన..." అనబోయింది.

"నా మోకాళ్ళ నూనెలే," అన్నారు ఆంటీ.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, మా అబ్బాయి బళ్ళో చదువుతున్నప్పుడు, పాలు వాసనొస్తున్నాయని నేను పాలవాడితో హిందీలో అంటుంటే నా కొంగు లాగాడు. "మమ్మీ, వాసనా మత్ బోలో. బద్బూ బోలో." మొహం ఎర్రగా చేసుకుని లోపలికి పోయాడు. మా ఆయన్ని అడిగితే నవ్వాపుకోలేక చెప్పారు, హిందీలో వాసన అంటే కామమని, దుర్వాసనకైతే బద్బూ అనాలని. సోఫా నిండా కామం ఉందని నలుగురిలో ముక్కు చూపించి మరీ ఫిర్యాదు చేశానా? తల కొట్టేసినట్టయింది. కాసేపటికి ఇంకోటి తట్టింది. ఉద్యోగమంతా హిందీ రోగులతో గడిపిన మనిషికి ఆ మాట తెలియకపోవడమేమిటి? వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టాను.

"తెలుసమ్మా," అన్నారు ఆంటీ, పప్పు నానబెడుతూ. "నిన్ను సరిదిద్దితే నవ్వులపాలయ్యేది నువ్వొక్కదానివే. నేనూ అన్నాననుకో, ఇద్దరు మొద్దులొచ్చారని నవ్వుకుంటారు. పోయేదేముంది?"

ఆంటీ ఇప్పుడు లేరు. నిన్న మా గేటు దగ్గర హేమ, అలమరా తెచ్చిన టెంపో అతనితో అచ్చంగా అదే మాట అంది. అతను నవ్వాడు, గార్డు నవ్వాడు, వాకింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళూ నవ్వారు. నేనూ తెలుగుదాన్నేనని ఎరిగి ఆ పిల్ల నావైపు చూసింది. నేనూ అదే అనాలని మాట నా నోటిదాకా వచ్చింది. కానీ వాళ్ళంతా నన్ను ఎరిగినవాళ్ళు, రేపూ వాళ్ళ మధ్యే తిరగాలి. నేను ఫోన్‌లోకి చూశాను.

ఇవాళ సొరుగులు తుడుస్తుంటే, "నిన్న ఎందుకు నవ్వారాంటీ?" అని అడిగింది. అర్థం చెప్పాను. "నేనూ ఒకప్పుడు అదే అన్నానమ్మా," అని కూడా చెప్పాను. సిగ్గుపడుతూనే నవ్వింది. సొరుగుల వాసన చాలావరకు పోయింది. అయినా, గదిలో ఆ పిల్లొక్కదాని ముందు ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం పోయింది? రూతమ్మ ఆంటీ కొట్లో, అందరి ముందూ అన్నారు.