గుర్గావ్‌లో అన్ని గడులూ ఆకుపచ్చే

సోమవారం తెల్లవారగానే నేనూ, సరళా సికింద్రాబాద్‌లో ఢిల్లీ బండి ఎక్కాం. మా కంపెనీ పంపులు, మోటార్లు, కేబుళ్లు అమ్ముతుంది. మూడు విభాగాలు, మూడు దారులు. వాటిని కలపడానికి గుర్గావ్ ప్రధాన కార్యాలయం పెద్ద నక్షా గీయించింది. ఏ సమాచారం ఎక్కడ ఉండాలి, ఏ వ్యవస్థ దేనితో మాట్లాడాలి అని చెప్పే ఆ నక్షా పేరు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. తమ వ్యాపార ప్రణాళికలు దానికి సరిపోతున్నాయో లేదో విభాగాలవాళ్లు బుధవారం చెప్పాలి. సరిపోతున్నాయని మూడు విభాగాలూ ముందే రాసి పంపాయి. ఆ మాటే నిలబడితే, అందరికీ ఒకే డీలర్ల జాబితా తయారుచేస్తున్న సరళ బృందం ఇక అక్కర్లేదు. రెండేళ్ల పని పోతుంది. తనిఖీ నివేదికలు రాసేవాణ్ణి, ఆధారం చూపని 'అవును' నాకు మింగుడుపడదు. అందుకే వెంట బయల్దేరాను.

ఎదుటి బెర్తులో ఢిల్లీ కంటోన్మెంట్‌కు తిరిగి వెళ్తున్న కాకినాడ హవల్దారు మా నక్షా వైపు చూసి, "ఇంత పటం ఎందుకండీ, యుద్ధానికా?" అన్నాడు.

"యుద్ధమైతే సరిహద్దు ఎక్కడో తెలిసేది" అన్నాను.

మర్నాడు వసంత్ కుంజ్ గెస్ట్‌హౌస్‌లో సంచులు పడేసి, బస్సులు మారి మధ్యాహ్నం రెండింటికి ఘాజియాబాద్ చేరాం. వెళ్లేవారు ఆటోవాళ్లను నమ్ముకోవద్దు, రాష్ట్రం దాటి రామంటారు. నడుం విరిగినా బస్సే దిక్కు.

మా మూడు విభాగాల సరుకూ అమ్మే డీలర్ గోయల్ టీ ఇచ్చి మూడు ఫైళ్లు ముందు పెట్టాడు. మూడు విభాగాలూ ఆయనకు మూడు నంబర్లు ఇచ్చాయి. పంపులు పాత గోడౌనుకు వెళ్తున్నాయి. కేబుళ్లవాళ్ల రికార్డులో ఆయన దుకాణం ఎప్పుడో మూతపడింది.

"అచ్ఛా, మీరంతా ఒకే కంపెనీయా? మీ సేల్స్‌వాళ్లను ముగ్గురినీ ఒకరికొకరిని పరిచయం చేసింది నేనే మేడమ్" అన్నాడు.

బుధవారం పదింటికి గుర్గావ్‌లో సమావేశం. మోటార్ల విభాగాధిపతి శ్రీధర్ మన విజయవాడాయనే. "సాఫ్ట్‌వేర్ ఎప్పుడో కొనేశామండీ. నక్షాలో మా గడిని దానికి తగ్గట్టు మార్పించాం. ఇప్పుడు బ్రహ్మాండంగా సరిపోయింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ముందు తీర్పు రాసుకుని తర్వాత సాక్ష్యం వెతికే పద్ధతిని దేవుళ్ల విషయంలో చూశాను. కంప్యూటర్ల విషయంలో చూడటం అదే మొదలు.

సరళ వెంటనే ఫోను తీసింది. గోయల్‌కు కలిపి స్పీకర్ పెట్టి, కంపెనీ పేరు చెప్పింది.

"హాఁ జీ, ఎవరు? పంపులా, మోటార్లా?"

గదంతా నవ్వింది. అధ్యక్షత వహిస్తున్న ఉపాధ్యక్షురాలు కూడా నవ్వి, "మంచి విషయం పట్టావు సరళా. కానీ నక్షాలో అన్నీ సరిపోయాయని గడులన్నిటికీ ఆకుపచ్చ రంగేసి బోర్డుకు పంపేశాం. ఉమ్మడి జాబితా రెండో దశలో చూద్దాం" అంది.

"రెండో దశ ఏ నెలలో?" అని అడిగాను.

"ఠీక్ హై, మాట్లాడదాం" అని కాగితాలు సర్దుకుంది.

భోజనాల వేళకు నిర్ణయం వచ్చింది. సరళ బృందం రద్దు. ఆమె ఇక శ్రీధర్ దగ్గర పనిచేస్తూ మోటార్ల విభాగానికి మాత్రమే విడి డీలర్ల జాబితా తయారుచేయాలి. "ఏమీ అనుకోకమ్మా, నీలాంటివాళ్లే మాకు కావాలి" అన్నాడు శ్రీధర్, పెరుగన్నం కలుపుకుంటూ.

సాయంత్రం తిరుగు బండి ఎక్కాం. ఢిల్లీలో ఏం చూశారని ఎవరైనా అడిగితే కోటలు, గుమ్మటాలు చెప్పలేను. రుజువు చూసి, నవ్వి, ఒప్పుకుని, పక్కన పెట్టేసిన చదువుకున్న మనుషుల్ని చూశాను. మూఢత్వానికి చదువు లేకపోవడమే కారణమని ఒకప్పుడు గట్టిగా వాదించేవాణ్ణి. ఇప్పుడు ఆ వాదనకు ఓపిక లేదు.

మర్నాడు నాగపూర్ దాటాక సరళ ఒళ్లో లాప్‌టాప్ తెరిచి మోటార్ల జాబితా మొదలుపెట్టింది. ప్రతి డీలర్ పేరు పక్కనా, రద్దయిన తమ జాబితాలోని ఉమ్మడి నంబర్‌కు ఒక గడి పెడుతోంది.

"అది ఎవరూ అడగలేదు కదమ్మా" అన్నాను.

"అడిగిన నాడు మల్ల మొదటికెల్లి చెయ్యనీకి నాతోని కాదు సార్" అని తల ఎత్తకుండానే గోయల్ పేరు పక్క గడిలో ఉమ్మడి నంబర్ కొట్టింది.