మాత్రలు మానలేదని

ఈ రోజు చింతామణిలో స్వస్థత కూటానికి వెళ్లాను. బయటి ఊరి బోధకుడు, "విశ్వాసం ఉన్నవాళ్లు మందులు వదిలేసి ముందుకు రండి" అన్నాడు. మా వరుసంతా లేచి వెళ్లింది. పదేళ్లుగా మూర్ఛకు మాత్రలు మింగుతున్న నేనొక్కదాన్నే కుర్చీలో మిగిలాను.

భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ప్రతి ఆదివారం చర్చిలో నాతో కలిసి పాడే రూతక్క మాత్రం వచ్చి, మెల్లగా అడిగింది.

"నీకు దేవుని మీద నమ్మకం లేదామ్మా?"

"ఉండాదక్కా. డాక్టర్నీ ఆయనే ఇచ్చినాడనుకుంటాండా."

"అట్లయితే నీకింకా ఎందుకు తగ్గలేదు?" అంటూ పళ్లెం తీసుకుని అవతలి వరుసకు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి, ప్రార్థన చేసి మాత్ర వేసుకున్నాను. ఈసారి స్వస్థత అడగలేదు. పక్కన కూర్చునే మనిషిని ఒకరిని ఇమ్మన్నాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇలా అడిగారా?