చెవి వెనక ఉంగరాల పాయ

ఢిల్లీలో, మునిర్కా గదిలో నాతో ఉన్న నర్సమ్మాయిది గోదావరి వైపు. ఆలోచనలో పడితే చెవి వెనక ఉంగరాల పాయను భుజం దాకా లాగి వదిలేది. అది చటుక్కున చుట్టుకుని పైకి పోయేది.

"పొద్దున్నే డ్యూటీ, ఈ చిక్కు తీయలేకపోతున్నానక్కా. స్ట్రెయిటెనింగ్ చేయించేసుకోనా?" అని వేసవంతా అడిగింది. ముందు జుట్టు సన్నం, వెనక ఉంగరాలు. ఒకే మందు రెండింటికీ పడదేమోనని పార్లర్ దీదీ కూడా వెనకాడింది. చివరికి ఓ శనివారం చేయించుకుంది. మూడు రోజులు తల తడపొద్దన్నారు.

తెల్లారితే చర్చిలో ప్రభు భోజనం. "తలస్నానం చేయకుండా ప్రభువు బల్ల దగ్గరికి ఎలా వెళ్తానక్కా?" అంటూ బకెట్ ముందు కూర్చుని తల మీద నీళ్లు పోసుకుంది.

వెనక జుట్టు తిన్నగానూ లేక, ఉంగరాలూ తిరగక పీచులా మిగిలింది. చెయ్యి మాత్రం అలవాటుగా చెవి వెనక్కి పోయేది. పాయను లాగి వదిలేది. అది వదిలినచోటే వేలాడుతుంటే, కాసేపు ఆగి మళ్లీ లాగి చూసేది.