గుడ్ల రొయ్యలు

నేను కడుపుతో ఉన్నప్పుడు చింతచిగురులో వేసిన చెరువు రొయ్యలు తినాలని ప్రాణం లాగింది. జీడిమెట్లలో మేమున్న చోట దొరికేవి కోస్తా నుంచి ఐసులో వచ్చే పెద్ద రొయ్యలు. మా ఆయన పాపం కిలో తెచ్చాడు. రబ్బరు నమిలినట్టుంది. నాకు కావలసింది శామీర్‌పేట అవతల మా ఊరి చెరువులో ఉండే రొయ్య, చిటికెన వేలిలో సగం కూడా ఉండదు. ఒలిచే పని లేదు, తలా తోకా అన్నీ తినెయ్యడమే. ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళి, చెప్పులు విప్పకముందే మా నాయినకు అదే చెప్పాను.

చేపలు పట్టడం మా నాయిన పని. రొయ్యలకు మాత్రం వల వెయ్యడు. తుమ్మ కొమ్మల కట్టను సాయంత్రం ఒడ్డు నీళ్ళలో వేస్తాడు. రొయ్యలు వాటిని పట్టుకుని ఉంటాయి. తెల్లారాక కట్టను మెల్లగా లేపి గంపలో దులుపుతాడు. ఒకప్పుడు ఒక్క దులుపుకే కూరకు సరిపోయేవి. ఆ ఏడు ఎన్నిసార్లు దులిపినా ఆకులూ జిలేబీ చేపపిల్లలే. చెరువు సగం ప్లాట్లయింది, మిగిలిన సగంలోకి కాలనీ మురుగు వస్తోంది. చేపలు ఎలాగో బతుకుతున్నాయి గానీ రొయ్యలు తట్టుకోలేకపోయాయి.

చివరికి ఒకరోజు గిన్నెలో నీళ్ళు పోసి గుప్పెడు రొయ్యలు తెచ్చాడు. అమ్మ అప్పటికే చింతచిగురు నలిపి పెట్టింది. నాకు నోరూరిపోతోంది. నాయినేమో గిన్నె ఇవ్వకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నీ గుడ్లయే బిడ్డా," అన్నాడు.

మా ఇంట్లో గుడ్లున్న రొయ్యను వండరు. గంపలో పడితే ఏరి నీళ్ళలో వదిలేస్తారు. కడుపుతో ఉన్న ఆడపిల్ల అడిగింది కాదనడం కూడా మా ఇంట్లో లేదు.

"గుప్పెడే గదా, తిననియ్యి," అంది అమ్మ.

"నువ్వే చెప్పు బిడ్డా. వండుమంటే వండుతది మీ అమ్మ."

గిన్నెలోకి చూశాను. గాజులాంటి ఒళ్ళు, కడుపు కింద ఆకుపచ్చ గుడ్లు. గుడ్లకు నీళ్ళు తగిలేలా చిన్న చిన్న కాళ్ళు విసురుతూనే ఉన్నాయి. ఒళ్ళు మండింది నాకు. చూడకపోతే హాయిగా తినేదాన్ని.

"తీస్కపో నాయినా," అని లోపలికెళ్ళి ఏడ్చాను. జాలితో కాదు, తినలేదన్న ఉక్రోషంతో.

మా పాప ఇప్పుడు ఒకటో తరగతి. ఆ తర్వాత మా చెరువులో రొయ్య పడలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో అడిగినా లేవన్నారు. నీళ్ళే పాడయ్యాక గుడ్లు మాత్రం ఏం చేస్తాయి? మొన్న వెళ్ళినప్పుడు నాయిన మీద అరిచాను. నా కోపం తన మీద కాదని ఆయనకూ తెలుసు.

"ఉత్తగనే ఇడిసినం. తిన్నా గంతే, ఇడిసినా గంతే. నేనన్న తింటుంటి."

"అవు," అన్నాడు నాయిన.

"గవ్వే ఆఖరియని ఎరుకుంటే ఏం జేస్తుంటివి?"

"గప్పుడు గూడ ఇడుస్తుంటి బిడ్డా," అన్నాడు. "గుడ్లున్నయి గదా."